సంక్రాంతి సెలవుల్లో ఢిల్లీ: ప్రభుత్వ భవనాలు, మ్యూజియంలు చూడడానికి సూచనలు కావాలి

ప్రశ్న (పల్నాడు వాసి)

సంక్రాంతి సెలవులకు మా అమ్మానాన్నలను, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని తీసుకొని ఢిల్లీ వెళ్లాలనుకుంటున్నాము. ఆగ్రా, జైపూర్‌ల జోలికి పోకుండా రాష్ట్రపతి భవన్, పార్లమెంటు, ముఖ్యమైన మ్యూజియంలు నిదానంగా చూడాలని మా ఆలోచన. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువసేపు నిలబడడం కష్టం. వేటికి ముందుగా అనుమతి తీసుకోవాలో, పార్లమెంటు లోపలికి సామాన్యులను పంపిస్తారో లేదో, ఏ మ్యూజియానికి ఎక్కువ సమయం కేటాయించాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఢిల్లీ ఉద్యోగి)

ముందుగా రాష్ట్రపతి భవన్ తేదీని ఖాయం చేసుకొని, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోండి. అక్కడికి నేరుగా వెళ్లి టికెట్ కొనే పద్ధతి లేదు. భవన్ అధికారిక వెబ్‌సైట్‌లో తేదీ, సమయం ఎంచుకొని, వచ్చేవారందరి వివరాలు ఇచ్చి బుక్ చేసుకోవాలి. ప్రధాన భవనం; పాత గుర్రపుశాలల్లో, గ్యారేజీల్లో ఏర్పాటు చేసిన మ్యూజియం; ఉద్యానవనం అనే మూడింటికీ వేర్వేరు బుకింగ్‌లు ఉంటాయి, ప్రవేశ ద్వారాలు కూడా వేరు. బుకింగ్‌లో ఏ గుర్తింపు కార్డు వివరాలు ఇస్తారో దాని అసలు ప్రతినే వెంట ఉంచుకోండి. ఆ ఉద్యానవనాన్ని, అంటే అమృత్ ఉద్యాన్‌ను, సాధారణంగా ఫిబ్రవరి మొదలయ్యే రోజుల్లో తెరుస్తారు కనుక సంక్రాంతి నాటికి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

లోపల గణతంత్ర మండపాన్ని, అంటే 2024 జులై వరకు దర్బార్ హాలుగా పిలిచిన గదిని, మీ అమ్మాయికి ప్రత్యేకంగా చూపించండి. స్వతంత్ర భారత తొలి మంత్రివర్గం 1947 ఆగస్టు 15న ప్రమాణం చేసింది అక్కడే. అశోక మండపంలోకి వెళ్లాక తలెత్తి చూడడం మరవకండి: పర్షియా రాజు ఫతే అలీ షా వేటాడుతున్న దృశ్యం తోలు మీద చిత్రించి పైకప్పు మధ్యలో అమర్చి ఉంటుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి ఉన్న భవనమని పెద్దవాళ్లతో అంటే వాళ్లకు అది ఇంకా దగ్గరగా అనిపిస్తుంది.

జనవరి విషయంలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పొగమంచు వల్ల మన వైపు నుంచి వచ్చే రైళ్లు గంటల తరబడి ఆలస్యం కావడం ఆ నెలలో మామూలే కాబట్టి, దిగిన రోజున ఏ బుకింగూ పెట్టుకోవద్దు. రెండోది, గణతంత్ర దినోత్సవ రిహార్సళ్ల కోసం నెల నడిమి నుంచి, పరేడ్ జరిగే కర్తవ్యపథ్ (పాత రాజ్‌పథ్) పరిసరాల్లో దారులు మూసేస్తుంటారు. ముందురోజు రాత్రి ట్రాఫిక్ పోలీసుల ప్రకటన చూసుకొని బయలుదేరండి. వీలైతే ఆటోకు బదులు మెట్రోలో సెంట్రల్ సెక్రటేరియట్ స్టేషన్ దాకా రండి. సోమవారం చాలా మ్యూజియంలకు సెలవు. ఆ రోజును జాతీయ యుద్ధ స్మారకానికి ఉంచుకోండి. ప్రవేశం ఉచితం. గ్రానైట్ ఇటుకల మీద ఒక్కొక్కటిగా చెక్కిన అమరుల పేర్లు వరుసగా చదువుతూ నడవడానికి ఎంత సమయమైనా చాలదు.

జవాబు (చరిత్ర అధ్యాపకురాలు)

పల్నాటి నుంచి వస్తున్నారు కనుక జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియానికే ఎక్కువ సమయం ఇవ్వమని నా సలహా. నాగార్జున సాగర్ ఆనకట్ట కట్టడానికి ముందు, 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో నాగార్జునకొండ లోయ నుంచి బయటపడిన ఇక్ష్వాకుల కాలపు శిల్పాలు కొన్ని అక్కడ ఉన్నాయి. మీ ఊళ్ల చుట్టుపక్కల కనిపించే లేత పచ్చ ఛాయ ఉన్న సున్నపురాయి మీదే వాటిని చెక్కారు. ఒక్క ఫలకం ముందు పది నిమిషాలు నిలిచి చూస్తే బుద్ధుని కథతో పాటు ఆనాటి స్త్రీల కొప్పులు, కడియాలు, ద్వారబంధాలు కూడా కళ్లకు కడతాయి. హరప్పా గదిలోని మొహెంజొదారో కంచు నాట్యకత్తె కోసం మాత్రం కాస్త వెతుక్కోవాలి. పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసి నిలువెత్తు విగ్రహమనుకునే పిల్లలు చాలామంది ఉన్నారు, కానీ దాని ఎత్తు సుమారు పదిన్నర సెంటీమీటర్లే.

ఈ మ్యూజియం 1949లో మొదలైంది రాష్ట్రపతి భవన్ దర్బార్ హాలులోనే, ఇప్పటి భవనంలోకి 1960లో మారింది. అందువల్ల రాష్ట్రపతి భవన్ చూసిన తర్వాత ఇక్కడికి వస్తే అమ్మాయికి రెండూ కలిపి అర్థమవుతాయి. రాష్ట్రపతి భవన్ దగ్గరున్న సచివాలయ భవనాలైన నార్త్, సౌత్ బ్లాకుల్లో కొత్త జాతీయ మ్యూజియం ఏర్పాటు చేస్తామని ప్రభుత్వం ప్రకటించి ఉన్నందున, ఏ గదులు తెరిచి ఉన్నాయో వచ్చేముందు కనుక్కోండి. మీ నాన్నగారికి చక్రాల కుర్చీ కావాలని ప్రవేశం దగ్గరే అడగండి. మొహమాటపడవద్దు.

తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రి సంగ్రహాలయంలో పి.వి. నరసింహారావు గారి కాలానికి చెందిన విభాగం తప్పక చూడదగినది. అన్ని గదులూ చూడాలన్న పట్టుదల మాత్రం వద్దు, పెద్దవాళ్లు అలసిపోతారు.

పల్నాడు వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాష్ట్రపతి భవన్ బుకింగ్ ఈ రోజే చూస్తాను. పార్లమెంటు సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

జవాబు (ఢిల్లీ ఉద్యోగి)

సమావేశాలు జరుగుతున్నప్పుడు గ్యాలరీలో కూర్చోవాలంటే పార్లమెంటు సభ్యుల సిఫారసుతో పాసు పొందాలి. బడ్జెట్ సమావేశాలు సాధారణంగా జనవరి ఆఖరులో మొదలవుతాయి కనుక మీరు వచ్చేసరికి సభ ఉండదు. భవనం మాత్రం చూసే వీలుంటుందేమో మీ నియోజకవర్గ ఎంపీ కార్యాలయానికి ముందుగానే లేఖ రాసి అడగండి. 2023 డిసెంబరు 13న లోక్‌సభలోకి ఇద్దరు దూకిన ఘటన తర్వాత తనిఖీలు బాగా పెరిగాయి. కుదరకపోతే నిరాశపడకండి. సుప్రీంకోర్టు వారు శనివారాల్లో గైడుతో సందర్శన ఏర్పాటు చేస్తుంటారు, ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. రాజ్యాంగ సంస్థల గురించి చదువుకుంటున్న అమ్మాయికి న్యాయస్థానం హాలు చూడడం కూడా అంతే విలువైనది.

ఎక్కడికి వెళ్లినా సంచులు వీలైనంత తక్కువగా తెచ్చుకోండి, మందులు మాత్రం చీటీతో సహా దగ్గర ఉంచుకోండి. మధ్యాహ్నం ఇండియా గేటు వైపు ఉంటే అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ క్యాంటీన్‌లో పప్పు, పచ్చడి, పెరుగుతో భోజనం దొరుకుతుంది. ఆదివారాలు జనం ఎక్కువ, కాబట్టి మీ నాన్నగారు నిలబడనవసరం లేకుండా పన్నెండున్నర లోపే చేరుకోండి.