పరీక్ష రద్దయిన ఏడాది బడి వేసిన మార్కులతో సీట్లు ఇవ్వొచ్చా? (తెలంగాణ పదో తరగతి, 2020-21)

పెద్దపల్లి_పేరెంట్:
2021 మేలో పదో తరగతి ఫలితాలు ఇచ్చారు. 5.21 లక్షల మందీ పాస్. వాళ్లలో దాదాపు 2.10 లక్షల మందికి 10 జీపీఏ, అంటే సబ్జెక్టుల గ్రేడు పాయింట్ల సగటు పదికి పది. అంతకుముందు ఏడాది, అంటే మార్చిలో మూడు పేపర్లు అయ్యాక మిగతావి రద్దయిన 2020లో, 1.41 లక్షల మందికి 10. పరీక్షలు సక్రమంగా జరిగిన ఏడాదుల్లో ఈ సంఖ్య వేలల్లోనే ఉండేది. పాస్ చేయడం మీద నాకు అభ్యంతరం లేదు. ఈ జీపీఏ చూసి సీట్లు ఇవ్వొచ్చా అన్నదే నా ప్రశ్న.

జడ్పీ_గణితం:
ముందు ఆ మార్కులు ఎలా వచ్చాయో చూడండి సార్. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) అంటే ఏడాది మధ్యలో బడిలోనే వేసే 20 మార్కులు. పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలకు 5, రాతపనులకు 5, ప్రాజెక్టు పనికి 5, లఘు పరీక్షకు 5. మామూలు ఏడాదిలో నాలుగు ఎఫ్ఏల సగటు తీసి, 80 మార్కుల పబ్లిక్ పరీక్షకు కలిపేవాళ్లం. 2020లో ఆ నాలుగు ఎఫ్ఏలనే 100కి పెంచారు. 2021లో చేతిలో ఉన్నది ఎఫ్ఏ-1 ఒక్కటే. దాన్నే ఐదు రెట్లు చేశారు. మేము 20కి వేసింది 100కి వేసినట్టు కాదు. ఐదుతో హెచ్చించమని ఏ టీచరూ అడగలేదు.

కరీంనగర్_కుర్రాడు:
చాలా ప్రైవేటు బళ్లలో అందరికీ 20కి 20 వేశారు. ఇది అందరికీ తెలిసిందే.

పెద్దపల్లి_పేరెంట్:
మాస్టారూ, హెచ్చించడంలోనే అన్యాయం ఉంది, మీరే చూడండి. 19 వస్తే 95, ఏ1, పది పాయింట్లు. 18 వస్తే 90, ఏ2, తొమ్మిది పాయింట్లు. హిందీకి గ్రేడు హద్దులు వేరు, అది పక్కన పెట్టండి. మిగతా ఐదింట్లో మూడు సబ్జెక్టుల్లో 18 పడితే మొత్తం 57 పాయింట్లు, ఆరుతో భాగిస్తే 9.5. అంటే మూడు చోట్ల ఒక్కో మార్కు తగ్గినందుకు అర పాయింటు పోయింది. పదో తరగతి జీపీఏతో సీట్లు ఇస్తూ వచ్చిన బాసర ట్రిపుల్ ఐటీలో ప్రభుత్వ బడి పిల్లలకు 0.4 కలిపేవారు కదా, కలిపినా 9.9. పక్క బడిలో అన్నిటికీ 20 వేయించుకున్నవాడు 10తో ముందుంటాడు.

జడ్పీ_గణితం:
ఇది నేను కాదనను. కానీ మీరు చెబుతున్నది 18 వేసిన టీచర్ తప్పు అన్నట్టు ఉంది. 18 అయితే 18 వేయాలి.

పెద్దపల్లి_పేరెంట్:
తప్పు అనలేదు. ఆ 18 వల్ల నష్టపోయింది పిల్లలు, టీచర్ కాదు అంటున్నాను.

టేబులేషన్:
సీబీఎస్ఈ ఇదే ఏడాది దీనికి ఒక పద్ధతి పెట్టింది, తెలంగాణ పెట్టలేదు. పదో తరగతికి 20 ఇంటర్నల్ ఎప్పటిలాగే. మిగతా 80లో యూనిట్ టెస్టులకు 10, హాఫ్ ఇయర్లీకి 30, ప్రీ బోర్డుకు, అంటే బోర్డు పరీక్షకు ముందు బడి పెట్టే నమూనా పరీక్షకు, 40. ప్రిన్సిపల్, ఏడుగురు టీచర్లతో ఫలితాల కమిటీ. ఆ ఏడుగురిలో ఇద్దరు పక్క బళ్ల నుంచి రావాలి. అసలు విషయం ఇక్కడుంది: గత మూడేళ్లలో ఆ బడి బోర్డు ఫలితాలు ఏ ఏడాది బాగుంటే దాన్ని ఆధారంగా తీసుకోవాలి. ఒక్కో సబ్జెక్టులో బడి సగటు ఆ ఏడాది సగటుకు రెండు మార్కుల లోపే ఉండాలి. అందరికీ 20 వేసే బడికి అక్కడే అడ్డుకట్ట.

జడ్పీ_గణితం:
మూడేళ్ల కిందటి పిల్లల మార్కులు ఈ పిల్లల మెడకు చుట్టడమా? నేనొప్పుకోను. గణితానికి టీచరే లేని బడిలో ఈ ఏడాది మంచి మాస్టారు వచ్చాడనుకోండి. పిల్లలు నిజంగా నేర్చుకున్నారు. వాళ్ల సగటు పెరగకూడదా?

టేబులేషన్:
పెరగొచ్చు, రెండు మార్కుల దాకా. పైగా తీసుకునేది మూడేళ్లలో మంచి ఏడాది. పరిమితి లేకపోతే ఏమవుతుందో 2.10 లక్షల పదులు చెబుతున్నాయి.

జడ్పీ_గణితం:
సరే, లెక్క వేద్దాం. తరగతిలో 40 మంది. ఆధార ఏడాది గణితం సగటు 61. ఈ ఏడాది పరీక్షల ప్రకారం 68 వచ్చింది. 63 దాటకూడదు. అంటే కమిటీ మొత్తం 200 మార్కులు కోయాలి. ఎవరికి కోస్తారు? అందరికీ ఐదు చొప్పున కోస్తే 34 ఉన్న పిల్లాడు 29కి పడతాడు, 33 పాస్ మార్కు కాబట్టి ఫెయిల్. పై వాళ్ల దగ్గరే కోస్తే కష్టపడినవాడికి శిక్ష. ఏది చేసినా కమిటీ ఒక కాగితం మీద కారణం రాసి సంతకం పెడుతుంది. ఆ కాగితం పిల్లాడి చేతికి వస్తుందా?

టేబులేషన్:
అందుకే మార్కుల పంపిణీ కూడా పాత ఏడాదితో పోల్చి చూడమన్నారు, గుడ్డిగా అందరికీ ఐదు కోయమనలేదు. కమిటీ ముందే సరిగ్గా వేస్తే కోత అవసరమే రాదు. 68 వచ్చిందంటే ప్రీ బోర్డు పేపరు తేలిగ్గా ఇచ్చి ఉండాలి, లేదా దిద్దేటప్పుడు చేయి జారి ఉండాలి.

జడ్పీ_గణితం:
"ఉండాలి" అని మీరే తీర్పు ఇచ్చేశారు. పిల్లలు బాగా చదివి ఉండొచ్చన్నది మీ లెక్కలోనే లేదు.

లక్ష్మి_జీవశాస్త్రం:
ఆంధ్రలో మార్కుల లెక్క తేల్చడానికి వేసిన ఛాయారతన్ కమిటీ సూచించిన లెక్క వేరు. బడి పాత ఫలితాల జోలికి పోలేదు. ఎఫ్ఏ-1, ఎఫ్ఏ-2, ఒక్కోటి 50 మార్కులు. అందులో రాత పరీక్ష 20, మిగతా అంశాలు 30. రాతకు 70 శాతం, మిగతావాటికి 30 శాతం వెయిటేజీ. ఒక ఎఫ్ఏ తీసుకోండి. రాతలో 12, మిగతావాటిలో 28 వచ్చిన పిల్లకు మామూలుగా 50కి 40, అంటే 80. వెయిటేజీతో 42, 28 కలిపి 70. రాతలో 18, మిగతావాటిలో 22 వచ్చిన పిల్లకు మామూలుగా అదే 80. వెయిటేజీతో 63, 22 కలిపి 85. ఊరికే వేసే మార్కుల బలం తగ్గి, కాగితం మీద ఉన్న మార్కుల బలం పెరుగుతుంది. జవాబు పత్రం బయటపెట్టమంటే పెట్టొచ్చు కూడా.

జడ్పీ_గణితం:
మేడమ్, ఇది నాకు నచ్చింది. మాకు 20లో కాగితం మీద ఉండేది లఘు పరీక్ష 5, రాతపనులు 5. ప్రతిస్పందనలకు 5 ఎలా వేయాలి? 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, యాదగిరి చానళ్లలో పాఠాలు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు బడికి వచ్చింది ఫిబ్రవరి 1 నుంచి మార్చి 24 వరకే. టీవీ ముందు కూర్చున్న పిల్లాడు ఏం స్పందించాడో మాకెలా తెలుస్తుంది? వాట్సాప్‌లో నోటు పుస్తకం ఫోటో పంపినవాడికి 5, ఇంట్లో ఫోను లేనివాడికి 3. ఆ రెండు మార్కులు 100కి వచ్చేసరికి పది.

లండన్_తెలుగు:
ఇంగ్లండ్‌లో 2020 ఆగస్టు 13న ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) ఫలితాలు టేబులేషన్ గారు చెబుతున్న దారిలోనే ఇచ్చారు, బడి చరిత్ర చూసి. టీచర్లు వేసిన గ్రేడ్లలో దాదాపు 40 శాతం తగ్గాయి. ఒక సబ్జెక్టులో ఐదుగురు, అంతకన్నా తక్కువ మంది ఉంటే టీచర్ గ్రేడే ఉంచారు. అలాంటి చిన్న తరగతులు ప్రైవేటు బళ్లలోనే ఎక్కువ. ఆగస్టు 17కల్లా ఆ పద్ధతిని వెనక్కి తీసుకున్నారు.

పెద్దపల్లి_పేరెంట్:
ఎవరి పద్ధతి అయినా చివరికి మాస్టార్ల చేతి మార్కులే కదా. ఇన్ని లెక్కలు చెప్పి అసలు మాట దాటేస్తున్నారు. ఫీజు కట్టినవాళ్ల పిల్లలకు 20, కట్టనివాళ్ల పిల్లలకు 17 వేసే బళ్లు ఉన్నాయి. మాస్టార్లను నమ్మి సీటు వదులుకోమంటే వదులుకోం.

జడ్పీ_గణితం:
మాటలు కాస్త చూసుకుని రాయండి. ఫీజులు వసూలు చేసే బళ్ల పాపం జడ్పీ టీచర్ల మీద రుద్దకండి. మేం 17 వేస్తే అది 17. అలా వేసినందుకే మా పిల్లలు వెనకపడ్డారు, ఆ కోపం మీకన్నా మాకే ఎక్కువ. మీకు పరీక్ష కావాలి, అంతేగా?

పెద్దపల్లి_పేరెంట్:
అవును, పరీక్షే కావాలి. 2021లో బాసర సీట్లు పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) ర్యాంకుతో ఇచ్చారు, సరైన పని. 2.10 లక్షల మందికి 10 ఉంటే జీపీఏతో ఎవరిని ఎంచుతారు? టై అయితే గణితం గ్రేడు చూస్తారు, అదీ 10. సైన్స్, అదీ 10. అన్నీ అయ్యాక పుట్టిన తేదీ చూస్తారు. వయసులో పెద్దవాడికి సీటు!

జడ్పీ_గణితం:
ఇప్పుడు తేలింది. మీరు మార్కుల గురించి మాట్లాడటం లేదు, సీటు గురించి మాట్లాడుతున్నారు. పాలిసెట్ 2021 జూలై 17న పెట్టారు. గణితం 60, భౌతికం 30, రసాయనం 30. బడి తెరిచి ఉన్నది రెండు నెలలు కూడా లేదు. ఆన్‌లైన్ కోచింగ్ దొరికిన పట్నం పిల్లాడూ, యాదగిరి చానల్ పాఠం మధ్యలో కరెంటు పోయిన తండా పిల్లా ఒకే పేపరు రాశారు. బాసర పెట్టిందే పల్లె పిల్లల కోసం. అది మీకు న్యాయంగా కనిపిస్తోందా?

పెద్దపల్లి_పేరెంట్:
పేపరు ఒకటే, దిద్దింది మెషిను. నాకు న్యాయంగానే కనిపిస్తోంది. తండా పిల్లకు 0.4 బదులు 1 కలపండి, నేను సంతకం పెడతాను. కానీ అది అందరికీ కనిపించేలా, ముందే ప్రకటించి కలపండి. రిజిస్టరులో కలపొద్దు.

టేబులేషన్:
ఇక్కడ మాత్రం పేరెంట్ గారితో ఏకీభవిస్తాను.

లక్ష్మి_జీవశాస్త్రం:
ఇద్దరూ మరో సంగతి వదిలేస్తున్నారు. బాసరలో చేరాలని ఉన్నా పాలిసెట్‌కు ముందే దరఖాస్తు చేయని పిల్లలకు ర్యాంకే లేదు. పదో తరగతి పాసైన ప్రతి పిల్లకూ జీపీఏ అయినా ఉంది.

జడ్పీ_గణితం:
అదే నేను అంటున్నది మేడమ్. పేరెంట్ గారూ, మళ్లీ ఇలాంటి ఏడాది వస్తే లఘు పరీక్షకు 5 కాదు, 20 పెట్టండి. ప్రశ్నపత్రం జిల్లా నుంచి రానివ్వండి. పేపర్లు పక్క మండలం టీచర్లు దిద్దాలి. జవాబు పత్రాలు ఏడాది పాటు బడిలో ఉంచి, అడిగిన తల్లిదండ్రులకు చూపించాలి. అప్పుడు నమ్ముతారా?

పెద్దపల్లి_పేరెంట్:
పక్క మండలం వాళ్లు దిద్దితే నమ్ముతాను. కానీ అది పరీక్షే కదా మాస్టారూ.

జడ్పీ_గణితం:
కాదు. అది బడిలో పెట్టేది, నేను పాఠం చెప్పిన మేరకే పెట్టేది.