పరాయి రాష్ట్రాల విద్యార్థుల డబ్బు నెల్లూరులో ఎంత నిలుస్తోంది?

పెన్నాగట్టు:
నెల్లూరులో ప్రైవేటు వైద్య కళాశాల ఉన్న చింతారెడ్డిపాలెం వైపు కుటుంబానికి అద్దె ఇల్లు దొరకడం గగనమైపోయింది. రెండు గదుల పోర్షను ఖాళీ అయితే చాలు, యజమాని ముందు విద్యార్థుల కోసమే చూస్తాడు. నలుగురు కుర్రాళ్లు తలా ఇంత వేసుకుని ఇచ్చే అద్దెను, నర్సుగా చేసే మా చెల్లెలు, ఆటో నడిపే ఆమె భర్త కలిసినా ఇవ్వలేరు. చివరికి వేదాయపాలెం అవతలికి మారిపోయారు. ఆ విద్యార్థుల్లో ఉత్తరాది వాళ్లు, మలయాళీలు కూడా ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ “వాళ్ల వల్లే ఊరు కళకళలాడుతోంది” అనే మాట వింటే మాత్రం ఒళ్లు మండుతుంది. ఊరంటే ఇళ్లున్నవాళ్లేనా? బయటినుంచి వచ్చే ఈ సొమ్ములో సొంతిల్లు లేనివాడికి దక్కేది ఏమిటో ఎవరైనా లెక్క చెప్పండి.

క్యారేజీ మెస్:
నేను చెబుతాను అన్నా. నాకూ సొంతిల్లు లేదు. మెస్ కూడా అద్దె గదిలోనే నడుస్తోంది. బియ్యం మన జిల్లా మిల్లులవి, కూరగాయలు మన మార్కెట్‌వి, పాలు పక్క ఊరి నుంచి వస్తాయి. ఇడ్లీ, అన్నం పెడితే చాలని మొదలుపెట్టాను. ఉత్తరాది పిల్లలు రాత్రికి చపాతీ లేనిదే కుదరదన్నారు. దాంతో చపాతీలు ఒత్తడానికి మా వీధి ఆడవాళ్లను పెట్టుకున్నాను. వాళ్లకు రోజుకూలీ పక్కాగా దొరుకుతోంది. రాజ్మా, పనీరు అని మొదటి ఏడాది అలిగే పిల్లలే మూడో ఏడాదికి ఆదివారం చేపల పులుసు లేదంటే అలుగుతారు. అది వేరే కథ.

2020లో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్లు ఖాళీ అయినప్పుడు చూడాల్సింది. స్థానిక పిల్లలు తిరిగి వచ్చినా ఇంట్లో తింటారు. మెస్‌కు వచ్చేది ఇల్లు దూరమైనవాడే. ఆ నెలల్లో జిరాక్స్ కొట్టు, ఇస్త్రీ బండి, మంగలి షాపు, అన్నీ మూతపడ్డాయి. ఇవి ఇళ్లున్నవాళ్లవా?

ఇంకొకటి. సీటు వచ్చినప్పుడు తల్లిదండ్రులు దిగుతారు. నాలుగు రోజులు లాడ్జిలో ఉంటారు, ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా అని తిరుమలకు కారు మాట్లాడుకుంటారు. ఆ కిరాయి డ్రైవరుకే కదా పోయేది.

లెక్కల పద్దు:
ఇద్దరూ చెప్పింది నిజమే. అయితే ఇద్దరూ చిన్న పద్దుల దగ్గరే ఆగిపోయారు. పెద్ద పద్దు ఫీజు.

బయటి రాష్ట్రం వాళ్లకు మన దగ్గర కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో తక్కువ ఫీజుకు ఇచ్చే సీట్లలో, చోటు దాదాపు లేనట్టే. రాజ్యాంగం 371(డి) అధికరణం కింద వచ్చిన 1974 నాటి ఉత్తర్వుల వల్ల 85 శాతం సీట్లు స్థానికులవే. మిగిలిన 15 శాతానికీ మన రాష్ట్రంతో ఏదో ఒక సంబంధం చూపాలి. కాబట్టి ప్రైవేటు వైద్య కళాశాలలో వాళ్లు చేరేది ఎక్కువగా యాజమాన్య, ప్రవాస (ఎన్నారై) కోటాల్లో. 2020లో ప్రభుత్వం నిర్ణయించిన ఎంబీబీఎస్ ఫీజులు చూడండి: కన్వీనర్ సీటుకు ఏడాదికి 15 వేలు, యాజమాన్య సీటుకు 12 లక్షలు, ప్రవాస సీటుకు 36 లక్షలు. అంటే వచ్చేది డబ్బున్న కుటుంబాల పిల్లలు. వాళ్లు మెస్‌లో ఏడాదంతా తిన్నా ఆ ఖర్చు ఫీజులో చిన్న ముక్క.

ఆ ఫీజు నెల్లూరులోనే తిరుగుతుందా? అధ్యాపకుల జీతాలుగా, ఆసుపత్రి నిర్వహణ ఖర్చుగా కొంత తిరుగుతుంది. కళాశాలను నడిపే ట్రస్టు ఆదాయంలో 85 శాతాన్ని దాని ఆశయాలకే ఖర్చు చేయాలని ఆదాయపు పన్ను చట్టం అంటుంది తప్ప, ఆ ఊళ్లోనే చేయాలని అనదు. ఇక్కడ వసూలైన సొమ్ముతో ఎక్కడో భవనం లేచినా తప్పు పట్టలేం.

పన్నుల సంగతి ఇంకా విచిత్రం. చదువు ఫీజుపై జీఎస్టీ లేదు. హాస్టల్ అద్దెపైనా, మనిషికి నెలకు 20 వేల లోపు, కనీసం 90 రోజులు ఉంటే, 2024 జూన్ జీఎస్టీ మండలి సమావేశం తర్వాత మినహాయింపే. విద్యార్థి చేసే రెండు పెద్ద ఖర్చుల మీద రాష్ట్రానికి జీఎస్టీ రూపంలో పైసా రాదు. సబ్బు, ఫోను, చెప్పులు కొంటేనే మన వాటా వస్తుంది. మెస్ వాళ్లకు మిగిలేది నిజమైన ఆదాయమే, కాదనను. కానీ ఊరికి కళ తెచ్చింది వాళ్లే అనేవాళ్లు ఈ పద్దు కూడా చూసి మాట్లాడాలి.

ఒంగోలు గిత్త:
మీ కష్టం మాకు రాలేదే అని మేము ఏడుస్తున్నాం. ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అందులో 15 శాతం అఖిల భారత కోటా, అంతకు మించి బయటివాళ్లు రారు. 2022లో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఏర్పడింది, దానికి వచ్చేది ఎక్కువగా చుట్టుపక్కల మండలాల పిల్లలే. పొద్దున బస్సు దిగి సాయంత్రం బస్సెక్కే విద్యార్థి టీ కొట్టుకు తప్ప ఎవరికి పనికొస్తాడు? ఇల్లు అద్దెకు తీసుకునేవాడు వస్తేనే వీధి మారుతుంది.

పనిలో పని, ఒక చోద్యం. ఆ 1974 ఉత్తర్వులు స్థానికతను విశ్వవిద్యాలయ పరిధిని బట్టి లెక్కిస్తాయి. ప్రకాశం ఆంధ్రా విశ్వవిద్యాలయ పరిధి, నెల్లూరు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి. ప్రకాశం వైపు ఉలవపాడు, నెల్లూరు వైపు కావలి దగ్గరదగ్గరగానే ఉన్నా పిల్లలు ఒకరికొకరు స్థానికేతరులయ్యారు. మనలో మనకే పరాయితనం ఉండగా రాజస్థాన్ కుర్రాడిని ఏమనగలం?

చెన్నై సెంట్రల్:
ఇందాకటి నుంచి అందరూ వచ్చే డబ్బు గురించే మాట్లాడుతున్నారు, పోయేదాని మాటేమిటి? నేను నెల్లూరు అమ్మాయిని, చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. అక్కడ నేనే పరాయి రాష్ట్రం విద్యార్థిని. రైలెక్కితే మూడు గంటల దారి కాబట్టి మా కాలనీలో ఇంటికొకరు అటే వెళ్లారు. మా నాన్న రొయ్యల చెరువు మీద సంపాదించింది అక్కడి కళాశాలకు, అక్కడి హాస్టల్‌కు పోతోంది. మీరు ఇక్కడ తిట్టుకుంటున్నట్టే మా హాస్టల్ పక్కింటివాళ్లు కూడా మమ్మల్ని తిట్టుకుంటారు. అరవంలో తిడతారు, అంతే తేడా. వచ్చే పిల్లల్ని ఆపమంటే రేపు వాళ్లూ మమ్మల్ని ఆపమంటారు.

పెన్నాగట్టు:
ఆపమని నేను అనలేదమ్మా. నా గొడవ అద్దె గురించి. మెస్ అన్న మాట కొట్టిపారేయను, చపాతీలు ఒత్తే ఆడవాళ్ల కూలీ నిజంగా లెక్కలోకి రావాల్సిందే. అయితే ఆ ఆడవాళ్లు కూడా అద్దె ఇళ్లలోనే ఉంటారు. వచ్చిన కూలీలో ఎంత అద్దెకు పోతోందో వాళ్లను అడగండి. లెక్కల పద్దు గారు, దీనికి మునిసిపల్ కార్పొరేషన్ చేయగలిగింది ఏమైనా ఉందా, లేక ఓదార్చి పంపడమేనా?

లెక్కల పద్దు:
ఉంది. 2021 నుంచి మన పట్టణాల్లో ఆస్తి పన్ను మూలధన విలువ, అంటే స్థలం, కట్టడం ధర మీద వేస్తున్నారు. నివాసానికి గరిష్ఠం 0.50 శాతం, నివాసేతరానికి 2 శాతం. కుటుంబం ఉన్న ఇల్లూ, గదికి ముగ్గురు చొప్పున మంచాలు వేసి హాస్టల్‌గా నడిపే ఇల్లూ కాగితం మీద ఒకే నివాసంగా ఉంటే ఎలా? హాస్టల్‌గా వాడుతున్నవాటిని గుర్తించి నివాసేతర రేటు వేయాలి. నీళ్లు, మురుగు, చెత్త భారం పెంచేది అవే కదా.

క్యారేజీ మెస్:
యజమాని తన జేబులోంచి కడతాడనుకుంటున్నారా? గది అద్దెలో కలుపుతాడు. అద్దె పెరిగితే పిల్లలు మెస్ మానేసి గదిలో కుక్కర్ పెట్టుకుంటారు. చివరికి నా కొట్టు మీదే పడుతుంది.

లెక్కల పద్దు:
కొంత కలుపుతాడు, కాదనను. కానీ మొత్తం కలపలేడు. మరీ పెంచితే పిల్లలు కళాశాల హాస్టల్‌కే తిరిగి పోతారు. అదీగాక కుటుంబానికి ఇస్తే తక్కువ పన్ను, మంచాలు వేస్తే ఎక్కువ పన్ను అన్నప్పుడు కొందరు యజమానులైనా కుటుంబాల వైపు చూస్తారు. పెన్నాగట్టు గారి చెల్లెలికి కావాల్సింది ఆ కొన్ని ఇళ్లే.

ఒంగోలు గిత్త:
అంతా తేలాక మాకు కొంతమందిని పంపండి. ఇక్కడ టులెట్ బోర్డులు ఎండకు వెలిసిపోతున్నాయి.