బెంగళూరులో ఫైవ్ స్టార్ గది శనివారమే చవకా?

అమ్మానాన్నల పెళ్లిరోజుకి వైట్‌ఫీల్డ్‌లో గది చూస్తున్నా. మంగళవారం 14,000, అదే గది శనివారం 9,000! వీకెండ్‌కే కదా రేటు పెరగాలి?

↳ పదేళ్లు ఫ్రంట్ డెస్క్‌లో చేశాను. ఇక్కడ గదులు నింపేది కంపెనీల పనిమీద వచ్చేవాళ్లండీ. సోమవారం దిగి, గురువారం రాత్రి ఫ్లైట్ ఎక్కేస్తారు. శనివారం పొద్దున దోసె పెనం దగ్గర లైనే ఉండదు, వంటాయన ఫోన్ చూసుకుంటుంటాడు. ఏరో ఇండియా విమానాల ప్రదర్శన జరిగే ఫిబ్రవరిలో మాత్రం యలహంక వైపు వెళ్లకండి, జేబు ఖాళీ.

↳ యాప్‌లో 4.6 చూసి స్టార్ అనుకోవద్దు బ్రో. అది బస చేసినవాళ్లు వేసే మార్కు. స్టార్లు ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ కమిటీ, అదీ ఐదేళ్లకే. 4.7 ఉన్నచోట గీజర్ పాడై నాకు బకెట్‌లో వేడినీళ్లు పంపారు!

↳ సరే, శనివారమే బుక్ చేశా. 7,500 దాటిందని 18 శాతం జీఎస్టీ పడింది. నాన్నకి చెప్పలేదు.