సా.శ., శా.శ.: ఒక్క అక్షరానికి 78 ఏళ్లు

(ఒడిశాలోని నాలుగు ఊళ్లవారి సంభాషణ. ఊరి పేరే మాట్లాడేవారి గుర్తు.)

బరంపురం: శాసనం పక్కన పెట్టే పలకకు తెలుగు పాఠం దిద్దుతున్నాం. మూలంలో శకవర్షం 1050, ‘కీలక’ (ప్రభవతో మొదలయ్యే అరవై ఏళ్ల పేర్లలో ఒకటి) సంవత్సరం. చిత్తుప్రతిలో ‘సా.శ. 1050’, అంటే సామాన్య శకం 1050 అని పడింది. ‘క్రీ.శ.’ మతం పేరు కాబట్టి వద్దన్నారట. ఏది ఉంచమంటారు?

పర్లాకిమిడి: రెండూ వద్దండి. మూలంలో ఉన్నది శాలివాహన శకం, అంటే శా.శ. ఎవరో శా-ని సా చేశారు, 78 ఏళ్లు ఎగిరిపోయాయి. కీలకతో సరిచూడండి: గత శకానికి (అప్పటికి పూర్తయిన ఏళ్ల లెక్కకు) 12 కలిపి 60తో భాగిస్తే శేషం సంవత్సరం వరుస. 1062కు శేషం 42, అది కీలకే. శకానికి 78 కలిపితే సామాన్య శకం, అంటే 1128–29. సామాన్య శకం 1050 అయితే వికృతి రావాలి. మూలంలో ప్లవంగ అని ఉంటే 1050 వర్తమాన శకం (నడుస్తున్న ఏడును కూడా కలిపిన లెక్క), అప్పుడు ఒక ఏడు వెనక్కి. పుష్యం నడుమ నుంచి ఫాల్గుణం దాకా తిథి ఉంటే 78 కాదు, 79 కలపాలి.

జయపురం: పలకలోని ఒడియా వరుసలో ఈ చిక్కే రాదు. వాళ్లకు ఖ్రీష్టాబ్ద, శకాబ్ద వేర్వేరు మాటలు. శకుల పేరుతో వచ్చిన ‘శక’మే మనకు ఏ లెక్కకైనా పేరైపోయింది, ‘క్రీస్తు శకం’లో కూడా. పైగా ‘సామాన్య’ అంటే మన చెవికి మామూలుదనే, ఉమ్మడి అన్న అర్థం తట్టదు. ‘సా.పూ.’ మరీ అన్యాయం. దేనికి పూర్వం? రాస్తే ‘సా.శ.పూ.’ అనాలి.

బరంపురం: మరి ప్రభుత్వం మాటేమిటి?

పర్లాకిమిడి: భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా సంఘం సిఫారసుపై 1957 మార్చి 22ను 1879 చైత్రం 1గా తీసుకుని జాతీయ పంచాంగం మొదలైంది. గెజిట్‌పై రెండు తేదీలూ వేస్తారు. అది సౌరమానం, లీపు సంవత్సరంలో చైత్రం 1 మార్చి 21నే వస్తుంది. దాన్ని శాసనాల చాంద్రమాన మాసాలకు అంటగట్టకండి. ఇక ఎన్‌సీఈఆర్‌టీ పాత ఆరో తరగతి చరిత్ర పుస్తకం క్రీస్తు పేరున్న గుర్తులతో పాటు ‘సామాన్య’ గుర్తులనూ వివరించింది. పేరు మార్చినా మొదలు అదే ఏడు, అంకె కదలదు. నాకైతే ఏదైనా ఒప్పే, ఒక పలకలో రెండూ కలపొద్దు.

రాయగడ: అశోకుడి శాసనాలున్న జౌగడలో పెట్టే పలకకూ పనికొచ్చే మాట. అశోకుడి శాసనాల్లో శకమే లేదు, ‘అభిషేకమైన పన్నెండేళ్లకు’ అన్న లెక్క. మనం ‘సా.శ.పూ. 3వ శతాబ్ది’ అని పెట్టేది తర్వాతి గణితం. ఒడిశా గజపతి రాజుల అంకం, అంటే పాలనా వర్షాల లెక్క, ఇంకో తిరకాసు: 1 ఉండదు, 6తో ముగిసేవీ సున్నాతో ముగిసేవీ ఉండవు, 10 మాత్రం ఉంటుంది. 25వ అంకమంటే నిజానికి 21వ ఏడు.

బరంపురం: తవ్వకంలో దొరికిన బొగ్గుకు ప్రయోగశాల ‘2200 బీపీ’ (బిఫోర్ ప్రెజెంట్, ‘ఇప్పటికి ముందు’) అని ఇచ్చింది, సవరించిన లెక్కేనట.

జయపురం: ‘ఇప్పటికి 2200 ఏళ్ల కిందట’ అని రాయకండి. అక్కడ ‘ఇప్పుడు’ అంటే 1950. సున్నా సంవత్సరం లేదు కాబట్టి 1949 తీసేస్తే సా.శ.పూ. 251. పక్కన ± (అటూ ఇటూ తేడా) ఎంతుందో అదీ ఉంచండి, లేకపోతే 251 మరీ ఖచ్చితంగా కనిపిస్తుంది.

పర్లాకిమిడి: పలక మీద పొడి అక్షరాలే వద్దు. ‘శాలివాహన శకం 1050, కీలక, సామాన్య శకం 1128–29’ అని విప్పి రాయండి. చోటు చాలకపోతే కీలక తీసేయకండి, అక్షరాల సైజు తగ్గించండి.