మన స్ట్రీమింగ్ యాప్‌లో కమ్యూనిటీ ప్లగిన్లు పెట్టాలా వద్దా?

మొదటి పోస్ట్:
నేనైతే బయటివాళ్ళు రాసి యాప్‌కి తగిలించే ఈ కోడ్ ముక్కలు పెట్టాలి అంటా. సైట్ వాళ్ళు పేజీ కొంచెం మార్చినా మన ఎక్స్‌ట్రాక్టర్ (పేజీలోంచి వీడియో లింక్ తీసే కోడ్) పనిచేయడం మానేస్తుంది, ఎవరో ఆ రోజే ఫిక్స్ రాసినా అది కొత్త వెర్షన్‌లో చేరి ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ స్టోర్‌లో బిల్డ్ అయ్యి ఫోన్‌కి వచ్చేసరికి ఒక్కోసారి రోజులు పడుతుంది, ఈలోగా ఇష్యూల్లో (కంప్లయింట్ల పేజీలో) "వీడియో ప్లే అవట్లేదు" అని ఒకటే గోల. ప్లగిన్ అయితే ఆ ఒక్క ముక్క మార్చి వదిలేయొచ్చు. కోడీ అనే మీడియా ప్లేయర్‌లో పైథాన్ యాడ్-ఆన్లు ఎన్నేళ్ళ నుంచో ఉన్నాయి, గ్రేజే అనే వీడియో యాప్ నడిచేదే జావాస్క్రిప్ట్ ప్లగిన్ల మీద. డెక్స్ ఫైల్ (ఆండ్రాయిడ్ నడిపే కంపైల్డ్ కోడ్) లోడ్ చేసే డ్రాఫ్ట్ నా దగ్గర రెడీగా ఉంది.

రిప్లై 1:
వద్దు అన్నా. కామిక్స్ చదివే తాచియోమి యాప్ ఏమైందో చూశాం కదా. దాని ఎక్స్‌టెన్షన్లు (అంటే ప్లగిన్లు) విడి ఏపీకేలే, వేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే ఫైళ్ళు, అయినా 2024 జనవరిలో కొరియా కామిక్స్ కంపెనీ కకావో ఎంటర్‌టైన్‌మెంట్ లీగల్‌గా వెంటపడేసరికి ప్రాజెక్టే ఆపేశారు.

రిప్లై 2:
ఆ ఎక్స్‌టెన్షన్ల రెపో (అవి డౌన్‌లోడ్ అయ్యే చోటు) ప్రాజెక్ట్ వాళ్ళ చేతిలోనే ఉండేది, అసలు తేడా అక్కడుంది. తాచియోమి కోడ్ నుంచి పుట్టిన ఫోర్క్ మిహోన్ ఏ రెపో లేకుండానే వస్తుంది, కావాల్సినవాళ్ళు లింక్ పెట్టుకోవాలి. మనమూ అలాగే ఖాళీగా ఇవ్వాలి.

నాకు అంతకన్నా భయం డెక్స్ అంటేనే. అలా లోడ్ చేసిన కోడ్ మన ప్రాసెస్‌లోనే నడుస్తుంది, అంటే యాప్‌కి ఏ పర్మిషన్లు ఉన్నాయో దానికీ అవన్నీ ఉన్నట్టే, లాగిన్ కుకీలు, హిస్టరీ, సబ్‌స్క్రిప్షన్ల డేటాబేస్ అన్నీ దాని చేతికందుతాయి. లోడ్ చేసే ఫైల్ రీడ్-ఓన్లీగా ఉండాలని ఆండ్రాయిడ్ 14 రూల్ పెట్టింది నిజమే కానీ, రాసినవాడే దొంగైతే ఆ రూల్ ఏం చేస్తుంది? ఎక్స్‌జెడ్ అనే ఫైల్ కంప్రెషన్ టూల్‌లో రెండేళ్ళకు పైగా బుద్ధిగా ప్యాచ్‌లు పంపిన అకౌంటే 2024లో బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టింది. రివ్యూ చేసేది మనలో ఇద్దరో ముగ్గురో, అదీ ఖాళీ దొరికినప్పుడు.

అందుకే ప్లగిన్లు ఉండాలి, కానీ క్విక్‌జేఎస్ (చిన్న జావాస్క్రిప్ట్ ఇంజిన్) లాంటి ఇంటర్‌ప్రెటర్‌లో నడవాలి. ఫైళ్ళు ముట్టుకునే దారే ఇవ్వొద్దు, నెట్ రిక్వెస్ట్ మన ఫంక్షన్ గుండానే వెళ్ళాలి, ఏ డొమైన్లతో మాట్లాడుతుందో ముందే రాసివ్వాలి, అప్‌డేట్‌లో కొత్త డొమైన్ కనిపిస్తే యూజర్‌ని అడిగాకే ఇన్‌స్టాల్ అవ్వాలి. స్లో అవుతుంది అంటారేమో, మన ఎక్స్‌ట్రాక్షన్‌లో ఎక్కువ టైమ్ పోయేది సర్వర్ జవాబు కోసం ఎదురుచూడ్డంలోనే.

ఇంకోటి, లోపలి క్లాసులు ఇవాళ ప్లగిన్లకి ఇచ్చేస్తే రేపు మనమే వాటిని కదపలేం. ఫైర్‌ఫాక్స్‌కి అదే జరిగింది, పాత యాడ్-ఆన్లు బ్రౌజర్ లోపల దేన్నైనా పట్టుకునేవి, చివరికి 2017 నవంబర్‌లో వెర్షన్ 57తో ఆ పద్ధతే తీసేయాల్సి వచ్చింది, ఎంతోమంది రోజూ వాడుకునే యాడ్-ఆన్లు పోయాయి. సెర్చ్, ఛానల్, స్ట్రీమ్ లింక్, ఈ మూడు ఫంక్షన్లతో మొదలుపెడదాం, చాలకపోతే అప్పుడు పెంచొచ్చు.

మొదటి పోస్ట్ పెట్టినవాడినే:
కుకీల సంగతి నేను సరిగ్గా ఆలోచించలేదు, డెక్స్ లోడర్ తీసేస్తున్నా, క్విక్‌జేఎస్‌తో మళ్ళీ రాస్తా. కానీ ఖాళీ రెపోకి మాత్రం ఒప్పుకోను. కొత్తగా వేసుకున్నవాళ్ళకి యాప్ తెరవగానే ఏమీ కనపడకపోతే ఏదో ఒక లింక్ వెతికి పెట్టుకుంటారు, అది ఎవరిదో కూడా చూడరు. ఇప్పుడున్న సైట్లు యాప్‌లోనే ఉంచేసి, బయటివాటికి మాత్రం ఖాళీ లిస్ట్ పెడితే ఎలా ఉంటుంది?