కృష్ణపట్నం దగ్గర ఆల్చిప్పలతో సీసం, కాడ్మియం కొలవడం ఎలా?

ప్రశ్న: కండలేరు క్రీక్ సముద్రంలో కలిసే చోట సీసం, కాడ్మియం చూడాలి. బాటిల్‌లో నీళ్లు పట్టి పరీక్షిస్తే చాలదా? పచ్చ మస్సెల్ ఆల్చిప్పలే కావాలా?

జవాబు 1: చాలదండీ. బాటిల్ నీళ్లు ఆ గంట సంగతే చెబుతాయి, పోటుకో లెక్క, పాటుకో లెక్క. మస్సెల్ నీళ్లు వడకట్టుకుంటూ వారాల తరబడి లోహాన్ని కండలో దాచుకుంటుంది. ఒక్కో చోట 5–6 సెంటీమీటర్లవి 25 దాకా తీయండి. పెద్దవీ చిన్నవీ కలిపితే వయసు తేడాయే కాలుష్యం తేడాలా కనబడుతుంది. అక్కడి నీళ్లే వడకట్టి 24 గంటలు అందులో ఉంచండి. మలం సన్నటి పోగుల్లా అడుగుకు దిగుతుంది, ఎప్పటికప్పుడు తీసేయండి. ఈ పని మానేస్తే పేగులోని బురద కూడా కండ లెక్కలోకి వస్తుంది.

జవాబు 2: అక్టోబరు–డిసెంబరు వానల్లో వద్దు. వరదకు ఉప్పదనం పడిపోతే చిప్ప మూసుకుని వడకట్టడమే ఆపేస్తుంది. గుడ్లు వదిలిన వెంటనే తీసినా తప్పే, కండ బరువు తగ్గి లోహం ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. అక్కడ మస్సెల్ దొరక్కపోతే శుభ్రమైన చోటివి నైలాన్ వల సంచిలో మీటరు లోతున 4–6 వారాలు వేలాడదీయండి. వేసేముందే కొన్నింటిని ల్యాబ్‌కు పంపాలి, లేకుంటే పోల్చడానికి ఏమీ మిగలదు. వలకు పట్టిన నాచు తోముతుండాలి.

ప్రశ్న: ఆయిస్టర్లు (ఇంకో రకం ఆల్చిప్పలు) కలపొచ్చా?

జవాబు 1: వద్దండీ. అవి జింకు, రాగి విపరీతంగా పట్టుకుంటాయి, మస్సెల్ లెక్కతో కలపలేం. ఇంకోటి, ల్యాబ్ లెక్క సాధారణంగా పొడి బరువుకు, అంటే కండ ఎండబెట్టాక తూచిన బరువుకు ఉంటుంది. తినే ఆల్చిప్పలకు యూరప్ పరిమితి, సీసానికి కిలోకు 1.5 మిల్లీగ్రాములు, పచ్చి బరువుకు. కండలో 80 శాతం దాకా నీరే. తేమ శాతం అడిగి తీసుకోకుండా పోలిస్తే ఉన్నదానికి ఐదు రెట్లు కనబడుతుంది.