ఎండాకాలంలో బ్రెడ్డు పిండి పొంగి కుంగిపోతోంది, గోధుమ రొట్టె రాయిలా వస్తోంది: సలహా కావాలి

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ఇంట్లో బ్రెడ్డు చేయడం నేర్చుకుంటున్నాను. అత్తయ్య గారు గుడ్డు తినరు. మామయ్య గారికి మధుమేహం ఉంది కాబట్టి మైదా తగ్గించమంటారు. మా ఏడేళ్ల పాపకు మాత్రం బేకరీ బన్నులా మెత్తగా ఉండాలి. ముగ్గురికీ నచ్చేది ఒక్కటైనా చేయాలని నా పట్టుదల. మార్చిలో రెండుసార్లు బాగానే వచ్చింది. మే నెల వచ్చాక అన్నీ చెడుతున్నాయి.

మైదా బ్రెడ్డుకు నా కొలతలు: మైదా 500 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 2 చెంచాలు, గోరువెచ్చని నీళ్లు 300 మిల్లీలీటర్లు, పంచదార 30 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, వెన్న 40 గ్రాములు. పావుగంట పిసికి, తడి గుడ్డ కప్పి, వంటగది గట్టు మీద పెట్టాను. గంటన్నర ఆగాలని రాసి ఉంటే అంతసేపూ ఆగాను. గుడ్డ తీసేసరికి పిండి బేసిను అంచు దాటి, నడిమధ్యలో గుంటపడి ఉంది. ఏదో కల్లు వాసన వస్తోందన్నారు మామయ్య గారు. అయినా చుట్టి అచ్చులో పెట్టి మరో గంట ఉంచాను. ఓవెన్‌లో పెట్టే ముందు పాప వేలితో పొడిచి చూసింది. ఆ గుంట అలాగే ఉండిపోయింది, చుట్టూ పిండి కూడా కాస్త కిందికి దిగింది. కాలాక రొట్టె పైభాగం లోపలికి పడిపోయింది, కోస్తే పొడిపొడిగా రాలింది.

గోధుమ పిండితో ఇదే కొలతలు పెట్టి చేస్తే అసలు పొంగలేదు. ఇటుకలా వచ్చింది. మామయ్య గారు పాలలో నానబెట్టుకుని తిన్నారు, ఏమీ అనలేదు. ఆయన అలా తినడం చూసి నాకు చాలా బాధ అనిపించింది. తప్పు ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు (హైదరాబాద్ నుంచి, ఇంట్లో బేకింగ్ చేసే సభ్యురాలు)

ముందు మూడు సంగతులు చెప్పండి. పిండి పెట్టినప్పుడు మీ వంటగది ఎంత వేడిగా ఉంది? ఈస్టు పొట్లం తెరిచి ఎన్నాళ్లయింది, ఎక్కడ దాచారు? పిండిని తూచి తీసుకున్నారా, కప్పుతో కొలిచారా? ఒకే కప్పు మైదా వదులుగా పోస్తే 120 గ్రాములు, అదిమితే 150 గ్రాములు తూగుతుంది. నీళ్లు సరిపోలేదని చాలామంది బాధపడేది అక్కడే.

ప్రశ్న అడిగినవారు

తూచే తీసుకున్నానండీ, చిన్న డిజిటల్ త్రాసు ఉంది. గోడ గడియారంలో ఉష్ణోగ్రత కూడా కనిపిస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం 36 చూపించింది. ఈస్టు ఫిబ్రవరిలో తెరిచాను. పొయ్యి పక్క అలమరలో, మూత బిగించిన సీసాలో ఉంది.

జవాబు (కాకినాడ నుంచి, బేకరీలో పనిచేసిన సభ్యుడు)

అమ్మా, మీ మైదా బ్రెడ్డు విషయంలో తప్పు మీ చేతిది కాదు, ఆ గోరువెచ్చని నీళ్లది. చల్లని దేశాల్లో రాసిన కొలతలవి. అక్కడ వంటగది 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి పిండికి కాస్త వెచ్చదనం ఇవ్వాలి. మనకు వెచ్చదనం తగ్గించడమే పని.

మేము బేకరీలో రోజూ వేసే లెక్క చెబుతాను. పిసికిన పిండిముద్ద 26 డిగ్రీల దగ్గర ఉండాలి. 26ను 3తో హెచ్చవేస్తే 78. అందులోంచి గది వేడి, పిండి వేడి, పిసికేటప్పుడు పుట్టే వేడి తీసేయాలి. చేత్తో పిసికితే ఆ చివరిదానికి 3 అనుకోండి. మీ గది 36, అదే గదిలో ఉన్న డబ్బాలోని మైదా కూడా 36. మొత్తం 75 తీసేస్తే మిగిలేది 3. అంటే మీరు పోయాల్సింది 3 డిగ్రీల నీళ్లు, ఐసు ముక్కలు వేసిన నీళ్లు. మీరు గోరువెచ్చనివి పోశారు.

ఇంకో ఉపాయం ఉంది. మైదాను ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. అది 8 డిగ్రీలకు చల్లబడితే అదే లెక్కలో నీళ్లకు 31 వస్తుంది, అంటే మామూలు కుండనీళ్లు చాలు. పురుగు పట్టకుండానూ ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఐసు నీళ్లు వాడే రోజున ఈస్టును నేరుగా నీళ్లలో వేయకండి, చలికి దెబ్బతింటుంది. పొడి మైదాలో బాగా కలిపాకే నీళ్లు పోయండి. ఈస్టు కూడా సగానికి తగ్గించండి. 500 గ్రాముల మైదాకు 3 గ్రాములు చాలు, అంటే అంచుకు సమంగా తీసిన చెంచా ఒకటి. ఉప్పు 9 గ్రాములు చేయండి. ఉప్పు రుచికే కాదు, ఈస్టు పరుగును కూడా పట్టి ఉంచుతుంది.

కల్లు వాసన అని మీ మామయ్య గారు సరిగ్గా పట్టుకున్నారు. ఈస్టు చక్కెరను తిని గాలినీ, ఆల్కహాలునూ విడుస్తుంది. తాటికల్లు పులిసేదీ ఇదే పద్ధతిలో. గోవాలో పావ్ చేసేవాళ్లు ఒకప్పుడు కల్లు పోసే పిండిని పొంగించేవారు. వాసన అంత గట్టిగా వచ్చిందంటే పిండి హద్దు దాటిందన్నమాట.

జవాబు (హైదరాబాద్ నుంచి)

కాకినాడ గారు చెప్పినదానికి నేనొకటి కలుపుతాను. మీ పాప వేలితో పొడిచింది చూడండి, బేకింగ్ చేసేవాళ్లందరూ ఓవెన్‌లో పెట్టే ముందు చేసే పరీక్షే అది. ఆమెను ఆపకండి, వేలికి కాస్త పొడి పిండి అద్ది ఆమెతోనే చేయించండి. గుంట వెంటనే పైకి లేచిపోతే ఇంకా ఆగాలి. మెల్లగా సగం వరకు పూడితే ఓవెన్‌లో పెట్టే సమయం వచ్చినట్టు. గుంట అలాగే ఉండి చుట్టూ పిండి దిగిందంటే సమయం దాటిపోయింది. పాప మీకు జవాబు ముందే చూపించింది.

అలా దాటిపోయిన పిండిని పారేయనక్కర్లేదు. నూనె రాసిన పళ్లెంలో వేళ్లతో పలుచగా పరచండి. పైన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు చల్లి, ఇంకాస్త నూనె పోసి, 220 డిగ్రీల్లో 15 నుంచి 18 నిమిషాలు కాల్చండి. ఎత్తుగా నిలబడలేని పిండి పలుచటి రొట్టెకు చక్కగా పనికొస్తుంది.

గంటన్నర అని రాసింది చూసి ఆగవద్దు, పిండి రెట్టింపు అయ్యే వరకే ఆగండి. మీ బేసిను అంచులు వాలుగా ఉంటాయి కాబట్టి రెట్టింపు అయిందో లేదో తెలియదు. పిసికిన ముద్దలోంచి ఉసిరికాయంత పిండి తీసి, నిలువు అంచుల గాజుగ్లాసులో అదిమి, ఆ ఎత్తుకు రెట్టింపు దగ్గర గుర్తు పెట్టండి. గ్లాసును బేసిను పక్కనే ఉంచండి. అది గుర్తును తాకినప్పుడు ఇదీ రెట్టింపు అయినట్టే.

జవాబు (షికాగో నుంచి)

మాకు దీనికి పూర్తిగా తిరగబడిన బాధ. జనవరిలో వంటగది 18 డిగ్రీలు దాటదు, అదే పిండి పొంగడానికి మూడు గంటలు పడుతుంది. ఇడ్లీ పిండికి చేసినట్టే ఓవెన్ వేడి చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి, తలుపు మూసి లోపల పెడతాం. విజయవాడలో చదివేవారు దయచేసి ఇది చేయకండి!

ప్రశ్న అడిగినవారు

ఇడ్లీ పిండి మాట రాగానే అత్తయ్య గారు కూడా ఫోను పట్టుకుని చదివారు. "ఎండాకాలం రుబ్బిన పిండి గిన్నెను నీళ్ల పళ్లెంలో పెడతాం కదా, దీనికి మాత్రం గడియారం ఎందుకు?" అన్నారు. నలభై ఏళ్లుగా రుబ్బిన పిండిని గిన్నె అంచు చూసి చెప్పే మనిషిని పక్కన పెట్టుకుని, నేను గంటలు లెక్కపెడుతూ కూర్చున్నాను. మరి గోధుమ రొట్టె సంగతి?

జవాబు (కాకినాడ నుంచి)

అత్తయ్య గారి మాట అక్షరాలా నిజం. ఇడ్లీ పిండిలో గాలి పుట్టించేది బ్యాక్టీరియా, బ్రెడ్డులో ఈస్టు. జీవి వేరైనా రెండిటికీ వేడే పగ్గం.

గోధుమ పిండికి మైదా కొలత నీళ్లు చాలవు. మర ఆడించిన పిండిలో తవుడు ఉంటుంది, నలిగిన పిండిరేణువులు ఎక్కువ, అవి నీళ్లను బాగా పీల్చుకుంటాయి. 500 గ్రాములకు 375 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, అవసరమైతే 400 దాకా వెళ్లండి. ముద్ద చేతికి అంటుకుంటూ ఉంటుంది, భయపడి పొడి పిండి చల్లకండి. రొట్టె ఇటుకయ్యేది ఆ చల్లిన పిండి వల్లే.

పుల్కాల పిండి కలిపి అరగంట నాననిస్తాం కదా, ఇదీ అంతే. ముందు పిండి, నీళ్లు మాత్రమే కలిపి 40 నిమిషాలు మూతపెట్టి ఉంచండి. తవుడు మెత్తబడుతుంది. మెత్తబడని తవుడు పిండిలో సాగే పొరలను చీల్చేస్తుంది, గాలి నిలవదు. ఆ తర్వాతే ఈస్టు, ఉప్పు, నూనె వేసి పిసకండి. మొదటిసారే మొత్తం గోధుమ పిండితో వద్దు. సగం మైదా, సగం గోధుమ పిండితో మొదలుపెట్టి, కుదిరాక మైదా తగ్గిస్తూ వెళ్లండి.

మీ ఈస్టు మీదా నాకు అనుమానమే. పొయ్యి పక్కన మూడు నెలలంటే బలం తగ్గే ఉంటుంది. అర చెంచా ఈస్టు, చిటికెడు పంచదార గోరువెచ్చని నీళ్లలో వేసి పది నిమిషాలు చూడండి. నురగ కట్టకపోతే పారేయండి. కొత్తది తెచ్చి గాలి చొరబడని సీసాలో ఫ్రీజర్‌లో పెట్టండి.

జవాబు (హైదరాబాద్ నుంచి)

మామయ్య గారి విషయంలో ఒక మాట. గోధుమ రొట్టె తిన్నా రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆరోగ్యానికి మంచిదని రెండు ముక్కలు ఎక్కువ పెట్టకండి. ఎన్ని ముక్కలు తినవచ్చో డాక్టరును అడిగే పెట్టండి.

పాపకు మెత్తదనం కావాలంటే గుడ్డు లేకుండానే వస్తుంది. 500 గ్రాముల మైదాలోంచి 25 గ్రాములు తీసి, 125 మిల్లీలీటర్ల పాలలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉండండి. 65 డిగ్రీల దగ్గర జావలా చిక్కబడుతుంది. గరిటె లాగితే గిన్నె అడుగున దారి కనిపించాలి. చల్లారాక ఆ జావను మిగిలిన మైదాలో వేసి, అందులో పోసిన పాల మేరకు నీళ్లు తగ్గించి పిసకండి. ఉడికిన పిండి నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి రొట్టె మూడో రోజు కూడా మెత్తగా ఉంటుంది. తూర్పు ఆసియా దేశాల పాల రొట్టెల మెత్తదనం వెనుక ఉన్న కిటుకు ఇదే.

ఇంట్లో అందరూ ఉండి తీరిక దొరకని రోజుల్లో పిండిని రాత్రి పిసికి ఫ్రిజ్‌లో పెట్టేయండి. లోతు గిన్నెలో కాకుండా వెడల్పు డబ్బాలో పరిచి పెట్టండి. లోతుగా ఉంటే నడిమధ్య భాగం చల్లబడేలోపే పొంగిపోతుంది. 10 గంటల తర్వాత తీసి, చల్లగా ఉండగానే చుట్టి అచ్చులో పెట్టండి. నెమ్మదిగా పులిసిన పిండికి రుచి కూడా ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు (పది రోజుల తర్వాత)

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. జరిగింది వివరంగా రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది.

పాత ఈస్టు నురగ కట్టింది కానీ చాలా పలుచగా. కొత్తది కొన్నాను. శనివారం రాత్రి పాల జావతో మైదా పిండి పిసికి వెడల్పు డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాను. ఆదివారం ఉదయం చుట్టి, 9 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు ఉన్న అచ్చులో పెట్టాను. చిన్న ముద్దను గాజుగ్లాసులో వేసి గుర్తు పెట్టడానికి రబ్బరు బ్యాండు కోసం వెతుకుతుంటే, అత్తయ్య గారు అద్దం మీదున్న బొట్టుబిళ్ల తీసి గ్లాసుకు అంటించారు. ఆ తర్వాత ఆవిడ కూరగాయలు తరుగుతూ బొట్టుబిళ్ల వైపు చూస్తూనే ఉన్నారు. గంటా పది నిమిషాలకు, "అమ్మాయీ, బిళ్లకు తగిలింది" అని పిలిచారు. పాప వేలితో పొడిచింది, గుంట మెల్లగా సగం పూడింది. 190 డిగ్రీల్లో 35 నిమిషాలు కాల్చాను. అడుగున తడితే డొల్లగా చప్పుడు వచ్చింది. పైభాగం నిలబడింది! పక్క ముక్క పొరలు పొరలుగా, దూదిలా విడిపోయింది.

బుధవారం సగం సగం పిండితో మామయ్య గారికి చేశాను. ముద్ద చేతికి అంటుకుంటుంటే పొడి పిండి డబ్బా వైపు చేయి వెళ్లింది, అత్తయ్య గారు డబ్బా మూత పెట్టేశారు. అరచేతికి నూనె రాసుకుని పిసికాను. మైదా రొట్టె అంత ఎత్తు రాలేదు కానీ పాలలో నానబెట్టకుండానే తిన్నారు. డాక్టరును అడిగాం, ఆయన చెప్పిన లెక్క ప్రకారమే రోజూ పెడుతున్నాను.

ఒక్క చిక్కు మిగిలింది. రొట్టె ఓవెన్‌లోంచి రాగానే కోయమని పాప పోరు. వేడిగా కోస్తే లోపల ముద్దగా అంటుకుంటోంది. గంట ఆగమంటే ఆ వయసు పిల్ల ఎలా ఆగుతుంది?

జవాబు (కాకినాడ నుంచి)

లోపలి పిండి ఇంకా గట్టిపడలేదు కాబట్టి అలా అంటుకుంటుంది, ఆగక తప్పదు. పిండి చుట్టేటప్పుడే 60 గ్రాముల ముద్ద ఒకటి తీసి పాప చేతికివ్వండి. ఆమె తనకు నచ్చిన ఆకారం చేసుకుని చిన్న పళ్లెంలో పెడుతుంది. దాన్ని పెద్ద రొట్టె పక్కనే పెట్టండి, 14 నిమిషాల్లో కాలుతుంది. తలుపు ఒక్కసారే తెరిచి గబుక్కున తీసి మూసేయండి. చిన్న బన్ను పావుగంటలో చల్లారుతుంది, అది తినేలోపు పెద్దది కోయడానికి సిద్ధమవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఈ ఆదివారమే చేస్తాం. పాప ఇప్పుడే తాబేలు చేస్తానంటోంది, కళ్లకు రెండు లవంగాలు పక్కన పెట్టుకుంది. అత్తయ్య గారు వచ్చే వారం రాగి పిండి కలపమంటున్నారు, ఎంత వేయవచ్చు?

జవాబు (హైదరాబాద్ నుంచి)

రాగుల్లో సాగే గుణం అసలు లేదండీ. 500 గ్రాముల్లో 75 గ్రాములతో మొదలుపెట్టి, 100 దాటకండి. మిగిలినది మైదానే ఉంచండి. రాగి పిండిని విడిగా వేడినీళ్లలో కలిపి చల్లార్చి వేస్తే రొట్టె ఎండిపోదు. లవంగాలు మాత్రం తినే ముందు తీసేయమని పాపకు చెప్పండి.